తిరిగి వెళ్ళినవారి పుస్తకం

ఆ ఆసుపత్రిలో మందుల కౌంటరు కిటికీ వెడల్పు తొమ్మిది అంగుళాలు, ఎత్తు ఏడు. వెనక స్టూలు మీద కూర్చున్న మనిషికి ఎదుటివాళ్ళ ముఖం కనిపించదు. చేతులు మాత్రమే కనిపిస్తాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ స్టూలు మీద కూర్చున్న ఫార్మసిస్టుకు, అందువల్ల, ఆ చుట్టుపక్కల సగం మంది ఆడవాళ్ళు చేతులుగానే పరిచయం. బట్టల సోడాకు తోలు లేచిన వేళ్ళు, మిషను సూది దిగి మచ్చపడ్డ బొటనవేలు, సుద్దపొడి అంటిన అరచెయ్యి. బజారులో ఎవరైనా పలకరిస్తే ఆమె చూపు ముందు వాళ్ళ చేతుల మీద వాలేది. ఆనవాలు దొరికాకనే నవ్వేది. ఈలోగా పలకరించినవాళ్ళు, ఈవిడకెంత పొగరో అనుకుని సాగిపోయేవారు.

ఆసుపత్రిలో ఆమెకు ఒక పేరు పెట్టారు: భూతద్దం. ఎదురుగా ‘మేడమ్’, వీపు తిప్పగానే ‘భూతద్దం’. మాత్రల పట్టీల మీద బ్యాచి నంబరు, గడువు తేదీ చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చవుతాయి కనుక వాటిని చదవడానికి ఆమె మొదట్లోనే ఒక భూతద్దం తెచ్చి సొరుగులో పెట్టుకుంది. అయితే పేరు వచ్చింది అందుకు కాదు.

గర్భం రాకుండా వేసుకునే మాత్రలు ఇవ్వాలంటే అప్పటి చట్టం ప్రకారం డాక్టరు చీటీ ఒక్కటే చాలదు. ఎనిమిదో నంబరు ఫారం కూడా కావాలి. అందులో ఆఖరి గడి భర్త సంతకానిది. మూడు నెలలకోసారి కొత్త ఫారం, కొత్త సంతకం. చట్టం సంతకం ఉండాలని మాత్రమే అంది. అది ఎవరు పెట్టారో చూడమని ఎక్కడా అనలేదు. పాత ఫారాన్ని ఫైలులోంచి తీసి, కొత్తదాని పక్కన పెట్టి, భూతద్దం కింద గీతకు గీత పోల్చి చూడటమన్నది పూర్తిగా ఆమె సొంత పద్ధతి. కలవకపోతే ఫారం వెనక్కి ఇచ్చేసేది. దానికి ఆమె దగ్గర ఒకే వాక్యం ఉండేది: “ఈ సంతకం పాతదానితో కలవడం లేదమ్మా.” కోపం ఉండేది కాదు, జాలీ ఉండేది కాదు. ఉష్ణోగ్రత చదివి చెప్పినట్టు చెప్పేది.

వార్డు తుడిచే ఆయా ఒక్కతే ఈ విషయంలో ఆమెతో పరాచికాలాడేది.

“మా ఇంటాయన సంతకం చూడాలంటే మీ భూతద్దం చాలదు మేడమ్. దుర్భిణి కావాలి. మనిషి కనపడితేగా, సంతకం కనపడటానికి.”

“అయితే మీకు మాత్రలతో పనేమిటి?” అంది ఫార్మసిస్టు ఒకసారి, తల ఎత్తకుండానే.

ఆయా చీపురు గోడకు ఆనించి మరీ నవ్వింది. “అమ్మో, మీకు నవ్వించడం కూడా వచ్చన్నమాట. ఎవరితోనైనా చెబితే నమ్మరు.”

నమ్మరన్నది నిజమే. చెప్పడానికి ఎవరూ లేరన్నది ఇంకా నిజం. ఆమె పెళ్ళి చేసుకోలేదు. దర్జీ దుకాణం మీది మేడలో రెండు గదులు; తల్లి ఉన్నంతకాలం తల్లితో, ఆ తర్వాత తల్లి మంచంతో. సాయంత్రం ఆరింటికి కింద కుట్టుమిషన్లు ఆగుతాయి. ఆ చప్పుడు ఆగాక ఇంట్లో మిగిలేవి గోడ గడియారం, ఆమె. ఒక్క మనిషికి ఎంత వండాలో ఆమెకు కొలతగా తెలుసు. అయినా రోజూ గరిటెడు మిగిలేది.

ఆమెకు ఇంకొక అలవాటు ఉంది. అది ఎవరికీ తెలియదు. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన మేడమ్, పరీక్షనాళికలో రంగు మారితే రాసినట్టే, మారకపోతే మారలేదని కూడా రాయాలని, లేకపోతే అది ప్రయోగం కాదని గట్టిగా చెప్పేది. ఆసుపత్రి రిజిస్టరులో ఇచ్చిన మందుకు గడి ఉంది. ఇవ్వని మందుకు లేదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఆమె సొంతంగా ఒక నోటుపుస్తకం కుట్టించి, అట్ట మీద ‘తిరిగి వెళ్ళినవారు’ అని రాసింది. తేదీ, ఓపీ చీటీ నంబరు, కారణం. పేర్లు లేవు. శనివారం మధ్యాహ్నాలు కౌంటరు మూశాక కాన్పుల వార్డుకు వెళ్ళి అక్కడి చేరికల రిజిస్టరు తిరగేసేది. మాత్రలు దొరక్క వెళ్ళిన నంబరు ఏడాది లోపల అక్కడ కనిపిస్తే తన పుస్తకంలో ఆ వరుస పక్కన ఎర్రసిరాతో ఒక చుక్క పెట్టేది. ఎందుకు పెడుతున్నదో ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో ఆమెకూ తెలియదు.

వెయ్యిన్నీ నూట నలభై ఏడో వరుస ఆమె చెల్లెలిది.

అది తొమ్మిదేళ్ళ కిందటి సంగతి. కిటికీలోంచి వచ్చిన చేతిని ఆమె వెంటనే పోల్చుకుంది: చూపుడువేలి కణుపు మీద చిన్నప్పుడు కాలిన మచ్చ. రెండో కాన్పులో చెల్లెలికి రక్తపోటు విపరీతంగా పెరిగింది. మూడేళ్ళ దాకా ఇంకో బిడ్డ వద్దని డాక్టరు తేల్చిచెప్పింది. అందుకే మాత్రలు. చీటీ సరిగా ఉంది. ఫారం కింద మరిది సంతకమూ ఉంది. ఫార్మసిస్టు చెయ్యి అలవాటుగా సొరుగులోకి వెళ్ళింది.

నిజానికి భూతద్దం అవసరమే లేకపోయింది. తలకట్టును కుడి నుంచి ఎడమకు లాగే అలవాటు లోకంలో ఒక్క మనిషికే ఉంది. పలక మీద ఆ చేతిని పట్టుకుని దిద్దించింది తనే. ఆ ఒక్క అలవాటును మాత్రం ఎంత దిద్దినా మాన్పించలేకపోయింది.

“ఈ సంతకం పాతదానితో కలవడం లేదమ్మా.”

కిటికీ దగ్గరకు ముఖం వంగింది. “అక్కా, నేను.”

“తెలుసు.”

“తెలిసే అంటున్నావా?”

“ఆయనేడి?”

“క్వారీలో ఉన్నాడు. నెలాఖరుకి వస్తాడు, పది రోజులుంటాడు. మొన్న వచ్చినప్పుడు పెట్టించుకోవడం మర్చిపోయాను.”

“వచ్చాక పెట్టించి తీసుకురా.”

“వచ్చాక మొదలుపెడితే ఏం లాభం? ముందే మొదలుపెట్టాలని చెప్పింది నువ్వే కదా.”

అది నిజం. ఆ మాట చెప్పింది ఆమే, అది శాస్త్రం కూడా. లైనులో వెనకనుంచి ఎవరో, “అక్కాచెల్లెళ్ళ ముచ్చట్లు ఇంటి దగ్గర పెట్టుకోండమ్మా, మాకు బస్సుంది,” అన్నారు.

చెల్లెలు గొంతు తగ్గించింది. “ఇంటికొచ్చి అడగలేక కాదక్కా. ఇంట్లో ఇస్తే రేపు నీకు మాట వస్తుందని, అందరిలాగే లైన్లో నిలబడ్డాను. నువ్వు చూసీచూడనట్టు ఉంటావనుకున్నాను.”

“చూశాను కదా.”

“సరే.”

ఫారం కిటికీలోంచి బయటికి వెళ్ళింది. మచ్చ ఉన్న వేలు దాన్ని నాలుగు మడతలు పెట్టింది. తర్వాతి చెయ్యి లోపలికి వచ్చింది. సాయంత్రం ఆమె పుస్తకంలో రాసింది: ‘సంతకం సరిపోలలేదు.’ పైన ఉన్న వరుసకూ దీనికీ అక్షరాల్లో తేడా ఏమీ లేదు.

తొమ్మిది నెలలు తిరగకుండానే, ఏడో నెల కడుపుతో చెల్లెల్ని ఫిట్సు వస్తూండగా ఆసుపత్రికి తెచ్చారు. బిడ్డ నాలుగు రోజులు బతికింది. చెల్లెలు బతికింది గాని మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ శనివారం ఫార్మసిస్టు కాన్పుల వార్డు రిజిస్టరు తెరిచి, నంబరు చూసి, తన పుస్తకంలో ఎర్రచుక్క పెట్టింది. చెయ్యి వణకలేదు. వణకలేదన్న సంగతి తర్వాత ఆమెకు చాలాసార్లు గుర్తుకువచ్చింది.

చెల్లెలు తిట్టలేదు, దెప్పలేదు. రావడం మానేసింది, అంతే. రెండేళ్ళ తర్వాత తల్లి పోయినప్పుడు వచ్చి గదిలో అవతలి గోడ దగ్గర కూర్చుంది. పని అయ్యాక మరిది వెంట వెళ్ళిపోయింది. ఇద్దరూ ఒకే ఊళ్ళో, రెండు బస్సుల దూరంలో ఉన్నారు.

సంతకాలు పోల్చే పద్ధతిని ఫార్మసిస్టు వెంటనే ఆపలేదు. ఆపితే తప్పు చేశానని ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకుంటే ఆ తప్పు ఒక్క వరుసతో ఆగదు. ఇంకో పధ్నాలుగు నెలలు పోల్చింది. తర్వాత ఒక సోమవారం, ఏ కారణమూ లేకుండానే, చెయ్యి సొరుగులోకి వెళ్ళలేదు. సంతకం కోసం మళ్ళీ ఎన్నడూ వెళ్ళలేదు. భూతద్దం బ్యాచి నంబర్లకే మిగిలిపోయింది. ఆమెకు పెట్టిన పేరు మాత్రం పోలేదు.

ఆమె పదవీ విరమణకు ఇంక ఏడాదిన్నర ఉందనగా ప్రభుత్వం చట్టాన్ని తిరిగి పరిశీలించడానికి ఒక సంఘం వేసింది. భర్త సంతకం గడి ఉండాలా వద్దా అన్నదే ప్రశ్న. కాన్పుల డాక్టరమ్మ ఒక రోజు పేపరు చేత్తో పట్టుకుని కౌంటరు వెనక తలుపులోంచి లోపలికి వచ్చింది.

“ఇది విన్నారా? ‘ఎనిమిదో నంబరు ఫారం వల్ల ఎవరైనా మందు లేకుండా వెనుదిరిగినట్టు ఎటువంటి ఆధారమూ లేదు.’ శాఖవారి జవాబు. ఎలా ఉంటుంది ఆధారం? ఇచ్చిన మందుకైతే రికార్డుంటుంది. ఇవ్వని మందుకి ఎక్కడుంటుంది?”

ఫార్మసిస్టు పట్టీలు లెక్కపెట్టడం పూర్తిచేసి, సంఖ్య రాసి, అప్పుడు అంది. “ఉంది.”

ఇనప బీరువా కింది అరలోంచి మూడు నోటుపుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ నిలబడే చదవడం మొదలుపెట్టి, కాసేపటికి స్టూలు లాక్కుని కూర్చుంది. ఇరవై అయిదేళ్ళు, పంతొమ్మిది వందల ముప్ఫై రెండు వరుసలు. భర్త ఊళ్ళో లేనివారు ఆరువందల ఎనభై ఎనిమిది. భర్త ఒప్పుకోనివారు అయిదువందల నలభై ఒకటి. పెళ్ళికానివారు, భర్త పోయినవారు, విడిపోయినవారు మూడువందల ఎనభై. ఫారం సగం నింపినవారు నూట పదకొండు. సంతకం సరిపోలనివారు రెండువందల పన్నెండు. ఎర్రచుక్కలు మొత్తం ఆరువందల నాలుగు.

“మీరు ఇది... ఎవరికీ చూపించలేదా?”

“ఎవరూ అడగలేదు.”

డాక్టరమ్మ వేలు రెండువందల పన్నెండు మీద ఆగింది. “ఈ సరిపోలని సంతకాలు తీసేయండి. పోల్చమని చట్టంలో లేదు కదా. వాళ్ళు మిమ్మల్ని పట్టుకుంటారు. తప్పు చట్టానిది కాదు, ఈ మేడమ్‌ది అంటారు. ఇవి లేకపోయినా మన సంఖ్య పెద్దదే.”

“తీసేస్తే అది రికార్డు కాదండీ.”

“అయితే ఇంకో చిక్కు కూడా ఉంది. ఒట్టి నంబర్లు చూపిస్తే వాళ్ళు తలలూపి ఊరుకుంటారు. తిరిగి వెళ్ళిన ఒక్క మనిషికైనా తర్వాత ఏం జరిగిందో కేసు షీటుతో సహా చూపించాలి. అలాంటి వరుస ఒక్కటైనా మీకు తెలుసా?”

ఒక్కటే తెలుసు. కేసు షీటు బయటికి ఇవ్వాలంటే రోగి అంగీకార పత్రం కావాలి. అంగీకారం కావాలంటే అడగాలి.

ఉత్తరం రాయడానికి ఆమెకు మూడు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం క్షమాపణ రాసి చించేసింది. చదువుతుంటే సెలవు చీటీలా ఉంది. మూడో ఆదివారం రాసింది ఇంతే: ‘నీ వరుస నంబరు 1147. దాన్ని చట్ట సంఘం ముందు చదవాలనుకుంటున్నాను. నీ ఫారం వెనక్కి ఇచ్చింది నేనేనని, చట్టం అడగని పని చేశానని కూడా చెబుతాను. నీకు ఇష్టం లేకపోతే ఈ వరుస చదవను. దీనితో ఉన్న పత్రం మీద సంతకం నీ ఇష్టం.’

పదకొండో రోజున కవరు వచ్చింది. లోపల పత్రం ఒక్కటే ఉంది, ఉత్తరం లేదు. ఆసుపత్రి పాత ఫారాలన్నింటిలాగే దాని కిందా రెండు గీతలున్నాయి: ఒకటి రోగి సంతకానికి, రెండోది భర్త లేక సంరక్షకుని సంతకానికి. మొదటి గీత మీద చెల్లెలు తన పేరు రాసింది. రెండో గీత మీద మరిది సంతకం ఉంది. తలకట్టు కుడి నుంచి ఎడమకు లాగి ఉంది. దాని కింద పెన్సిలుతో సన్నగా ఒక మాట: ‘అక్కా, ఇది ఆయనది కాదు. చూసుకో.’

ఆమె ఆ కాగితాన్ని తల్లి మంచం మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. ఎత్తిపొడుపో, చనువో తేల్చుకోలేకపోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత తనకోసం రాసిన మాట మాత్రం అదొక్కటే. దాన్ని రబ్బరుతో చెరిపేస్తే పత్రం శుభ్రంగా ఉంటుంది; ఎవరూ ఏమీ అడగరు. ఆమె చెరపలేదు.

సంఘం కూర్చున్న గదిలో పొడుగాటి బల్ల, అయిదుగురు సభ్యులు, ఏడు నిమిషాలు ముందు నడుస్తున్న గడియారం. అందరి ముఖాలూ ఒకేసారి కనిపిస్తున్నాయి. అంతమంది ముఖాలకు ఎదురుగా కూర్చుని మాట్లాడే అలవాటు ఆమెకు తప్పిపోయింది. చూపు బల్ల మీది చేతుల మీదికి జారింది. వాటితోనే మాట్లాడింది. సంఖ్యలు చెప్పింది. పుస్తకాల్లోని పద్ధతి చెప్పింది. లాయరు సభ్యుడు ఉంగరం ఉన్న వేలితో కాగితం మీద తట్టాడు.

“ఈ రెండువందల పన్నెండు మంది చట్టం వల్ల వెనక్కి వెళ్ళారా, మీ వల్ల వెళ్ళారా?”

“నా వల్ల.”

వెనక కుర్చీలో డాక్టరమ్మ కదిలిన చప్పుడైంది.

“అంటే చట్టానికి సంబంధం లేదు.”

“పోల్చింది నేను,” అంది ఫార్మసిస్టు. “పోల్చడానికి గడి ఇచ్చింది ఫారం. దగ్గుమందుకి నేను ఎవరి సంతకమూ పోల్చలేదు, అక్కడ గడి లేదు కాబట్టి. నాలాంటి మనుషులు ప్రతి కౌంటరులోనూ ఉంటారు. గడి ఉంటే, అది సరిగా నిండిందో లేదో చూస్తారు.”

తర్వాత ఆమె 1147 చదివింది. కేసు షీటు ఇచ్చింది. అధ్యక్షుడు అంగీకార పత్రం అందుకుని కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

“భర్త సంతకం కూడా ఉంది. మంచిది.”

ఒప్పుకుని ఊరుకుంటే సరిపోయేది. పెన్సిలు మాట ఆయన కళ్ళకు ఆననంత సన్నగా ఉంది.

“అది భర్తది కాదండీ,” అంది ఆమె. “ఆవిడే పెట్టింది. తొమ్మిదేళ్ళ కిందట నేను వెనక్కి ఇచ్చిన ఫారం మీదా ఆవిడే పెట్టింది. ఆవిడ మా చెల్లెలు.”

లాయరు సభ్యుడు పక్కకు వంగి పత్రం వైపు చూశాడు.

“అయితే ఈ పత్రం చెల్లదేమో,” అన్నాడు లాయరు సభ్యుడు.

“మొదటి గీత మీద సంతకం రోగిది. జబ్బు ఆవిడది, షీటు ఆవిడది. ఆ సంతకం చాలు.” ఆమె మొదటిసారి తల ఎత్తి ఆయన ముఖం చూసింది. “రెండో గీత ఎందుకుందో ఫారం అచ్చువేసినవాళ్ళు చెప్పాలి.”

అధ్యక్షుడు పత్రాన్ని ఇంకాస్త సేపు చూసి, కేసు షీటుకు పిన్ను చేసి, ఫైలులో పెట్టాడు.

పదకొండు నెలల తర్వాత చట్టం మారింది. పేపర్లో నాలుగో పేజీలో చిన్న వార్తగా వచ్చింది. ఎనిమిదో నంబరు ఫారాల కట్టలు స్టోరులోంచి బయటికి వెళ్ళాయి. డాక్టరు చీటీ చూపిస్తే చాలు, ఆడమనిషి తన మందు తను తీసుకోవచ్చు. మొదటి వారం చాలా చేతులు అలవాటుకొద్దీ చీటీతోపాటు ఇంకేదో కాగితం కోసం సంచీలో వెతుక్కున్నాయి. “అక్కర్లేదమ్మా,” అని ఆమె ప్రతి చేతికీ చెప్పింది.

“ఇక మీ భూతద్దానికి కూడా పింఛనే మేడమ్,” అంది ఆయా.

ప్రతి సాయంత్రం ఆమె నోటుపుస్తకం తెరిచి తేదీ వేసి, తిరిగి వెళ్ళినవారు సున్న అని రాసేది. మూడు వారాలు రాశాక ఆ మూడో పుస్తకాన్ని మూసేసింది. అది మూశాక సాయంత్రాలు ఇంకాస్త పొడుగయ్యాయి. కుట్టుమిషన్లు ఆగేవి; గడియారం మిగిలేది.

పత్రం నకలు ఒకటి ఆమె దగ్గర ఉంది. ఒక ఆదివారం ఉదయం కిటికీ వెలుతురులో దాన్ని పెట్టి, ఇన్నేళ్ళ తర్వాత సంతకం చూడటానికి, ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న భూతద్దం తీసింది. మరిది సంతకం వైపు వెళ్ళలేదు. చెల్లెలి పేరు చూసింది. అయిదక్షరాల పేరు, రెండు చోట్ల కలం ఆగింది. ఆగినచోట గీత కాస్త కిందికి జారి, మళ్ళీ అందుకుంది. ఇంత చిన్న పేరు రాయడానికి మధ్యలో రెండుసార్లు ఆగిన చెయ్యి. ఇదివరకైతే ‘సరిపోలలేదు’ అని రాసి ఉండేది.

ఆమె చీర మార్చుకుని, తాళం వేసి, రెండు బస్సులు మారింది.

తలుపు తీసింది చెల్లెలే. ముఖం ఉబ్బి, జుట్టు పలచబడి ఉంది. అక్క చూపు ముందు చేతి మీద పడింది, మచ్చ ఉంది. ఆ తర్వాత ముఖం చూసింది.

“ఈసారి ఏం కాగితం తెచ్చావు?” అంది చెల్లెలు.

“ఏమీ తేలేదు.”

చెల్లెలు ఆమె రెండు చేతులూ చూసింది, నిజంగానే ఖాళీగా ఉన్నాయో లేదో అన్నట్టు. రమ్మని అనలేదు, వెళ్ళమనీ అనలేదు. గోడ పట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగి లోపలికి నడిచింది. తలుపు తెరిచే ఉంది. అక్క గడప బయటే నిలబడింది. ఇలాంటిచోట ఏం చేయాలో ఆమెకు తెలిసిన ఏ ఫారంలోనూ లేదు.

లోపలినుంచి, కొంచెం ఆయాసంతో, గొంతు వినిపించింది.

“అలా నిలబడిపోతే ఎలా? తలుపేసి రా. దుమ్మొస్తోంది.”